పాఠకుల ప్రశ్నలు: ఒకే కొరియర్ దుకాణం, పూటకో తీరు

ప్రశ్న: మాది తిరుపతి బైరాగిపట్టెడ. పుణెలో ఉన్న మా అబ్బాయికి ఊరగాయలు, అప్పడాలు కొరియర్‌లో పంపుతుంటాను. బంధువుల గృహప్రవేశాలకు మాధవమాల కొయ్యబొమ్మలు కూడా అలాగే పంపడం అలవాటు. మా వీధి చివరి దుకాణంలో ఉదయం యజమాని ఉంటే బొమ్మకు సరిపోయే అట్టపెట్టె వెతికి, మూలలకు థర్మోకోల్ కుక్కి, రసీదు చేతికిస్తారు. సాయంత్రం ఉండే కుర్రవాడు అంతే బొమ్మకు దాదాపు రెట్టింపు అడిగి, "వాల్యూమ్ వెయిట్ అమ్మా" అంటాడు. రసీదు అడిగితే ఫోన్‌కు మెసేజ్ వస్తుందంటాడు. యజమాని వద్దన్న ఊరగాయను కుర్రవాడు మారు మాట్లాడకుండా తీసుకుంటాడు. పోయిన నెల పంపిన వేణుగోపాలస్వామి బొమ్మ చెయ్యి విరిగి చేరింది. దుకాణంలో అడిగితే కంపెనీతో మాట్లాడుకోమన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే బుక్ చేసిన చోటే అడగమన్నారు. ఎందుకింత తేడా? నేను ఎవరిని నిలదీయాలి?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: ఇలాంటి దుకాణాల్లో చాలావరకు ఫ్రాంచైజీలే. కంపెనీ తన పేరును, బుకింగ్ సాఫ్ట్‌వేర్‌ను, మూల ధరల పట్టికను ఇస్తుంది. గది అద్దె, కుర్రవాడి జీతం, తూకం యంత్రం, అట్టపెట్టెలు, టేపు అన్నీ దుకాణదారు చేతి ఖర్చు. ఆయనకు మిగిలేది బుకింగ్ మీద వచ్చే కమీషనూ, ప్యాకింగ్ పేరుతో తాను కలుపుకొనే సొమ్మూను. కొందరు ఒకే బల్ల మీద మూడు నాలుగు కంపెనీలకు బుకింగ్ చేస్తూ, ఏది తమకు గిట్టుబాటైతే మీ పార్సెల్‌ను దానిలో వేస్తారు. అందువల్ల ధరలో తేడా కనిపించినంత మాత్రాన మోసమని అనలేము గాని, ఏ కంపెనీలో వేస్తున్నారో, ప్యాకింగ్‌కు విడిగా ఎంత తీసుకుంటున్నారో చెప్పకపోవడం మాత్రం తప్పే.

మీ విషయంలో అసలు కిటుకు అట్టపెట్టెలో ఉన్నట్టు తోస్తోంది. కొరియర్ కంపెనీలు పార్సెల్ అసలు బరువును, అది ఆక్రమించే చోటును బట్టి కట్టే బరువును (కుర్రవాడు చెప్పిన వాల్యూమ్ వెయిట్ ఇదే) పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం ఎక్కువగా వాడుకలో ఉన్న లెక్క. కొన్ని కంపెనీల భాజకం వేరుగా ఉంటుంది కనుక అడిగి తెలుసుకోవాలి. మూడు కిలోల బొమ్మను 35, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే ఈ లెక్క 3.5 కిలోలకు వస్తుంది. అదే బొమ్మను చేతికందిన 40, 30, 30 పెట్టెలో పడేస్తే 7.2 కిలోలవుతుంది. యజమాని పెట్టె వెతుకుతున్నప్పుడు మీ డబ్బును ఆదా చేస్తున్నారు, బొమ్మనూ కాపాడుతున్నారు. పెద్ద పెట్టెలో మిగిలిన ఖాళీలోనే వస్తువు కదిలి దెబ్బతింటుంది. తరుముతున్న పనిలో కుర్రవాడికి ఇవన్నీ ఎవరూ నేర్పి ఉండకపోవచ్చు. కాబట్టి పెట్టెను ఇంట్లోనే సిద్ధం చేసి, కొలతలు స్కేలుతో పెట్టె పైనే రాసి తీసుకెళ్లండి. తూకం మీద అనుమానముంటే, తూనికలు కొలతల శాఖ ఆ యంత్రానికి ఏడాదికోసారి వేసే ముద్రను చూపమని అడగవచ్చు. ఆ అడిగే హక్కు మీకుంది, మొహమాటం అక్కర్లేదు.

ఊరగాయ సంగతి ఇంకొంచెం సున్నితమైనది. నూనె కారితే పక్కనున్న వారి కాగితాలు, బట్టలు పాడవుతాయి కనుక, ముఖ్యంగా విమానంలో వెళ్లే పార్సెళ్లలో, చాలా కంపెనీలు దానిని ఒప్పుకోవు. యజమాని కాదన్నది అందుకే కావచ్చు. కుర్రవాడు తీసుకున్నప్పుడు రసీదులో సరుకు పేరు ఏమని రాశాడో ఒకసారి చూడండి. "బట్టలు" అని ఉంటే, ఆ పార్సెల్ దారిలో పోయినా, పగిలినా మీరు నష్టపరిహారం అడిగే దారిని మీ చేతులతోనే మూసుకున్నట్టవుతుంది. ఊరగాయ అని రాసి తీసుకొనే చోటికే వెళ్లండి, వేడితో అతికించిన కవర్లలో పెట్టి పంపండి.

ఇక నిలదీయడం. రసీదు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. కనుక మెసేజ్ చాలదని గట్టిగా చెప్పి, సరుకు పేరు, విలువ, బరువు, తీసుకున్న మొత్తం ఉన్న కాగితం తీసుకోండి. దాని వెనుక సన్నని అక్షరాల్లో బాధ్యతను పరిమితం చేసే షరతు ఉండటం మామూలే. ఒక కొరియర్ వివాదంలో, షరతులున్న కాగితంపై సంతకం చేసినవారు వాటికి కట్టుబడాల్సిందేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సంతకం లేని చోట, షరతు వివరించని చోట వినియోగదారుల కమిషన్లు దానిని పక్కనపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. అందుచేత విలువైన బొమ్మకు బీమా ఉందో లేదో ముందే అడిగి, చదవకుండా సంతకం పెట్టకండి. విరిగిన బొమ్మ విషయంలో, అందుకున్నవారు తీసిన ఫొటోలు, బుకింగ్ నంబరు జతచేసి దుకాణానికీ కంపెనీకీ ఒకే ఉత్తరం రాయండి. వారు ఒకరి మీద ఒకరు నెట్టుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అప్పటికీ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదులను ఆన్‌లైన్‌లో తీసుకొనే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా గాని నేరుగా గాని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు చేయండి. గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరీ కాదు. ప్రతివాదుల కార్యాలయం ఎక్కడున్నా మీరు నివసించే ఊరి పరిధిలోనే వేయవచ్చు.

మనిషిని బట్టి ధర మారకూడదనుకుంటే స్పీడ్‌పోస్టు ఉంది. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ధరల పట్టిక ఒక్కటే, బీమా సదుపాయమూ ఉంది. అక్కడ వరుసలో నిలబడాలి, పెట్టె మీరే కట్టుకోవాలి.

ప్రశ్న: యూనివర్సిటీ దగ్గరి ఒక జిరాక్స్, డీటీపీ దుకాణంలో ప్రింటుకు రోజుకో ధర చెబుతున్నారు. ఆధార్, సర్టిఫికెట్లు వాళ్ల వాట్సాప్‌కే పంపమంటున్నారు. మంచిదేనా?
– ఒక విద్యార్థి, బాలాజీ కాలనీ, తిరుపతి

జవాబు: ప్రింటు ధరను ప్రభుత్వం నిర్ణయించదు, పని ఇచ్చేముందే పేజీకి ఎంతో, రెండువైపులా అయితే ఎంతో అడగండి. మీసేవ రుసుములు మాత్రం నిర్ణీతమైనవి, వాటికి మించి అడిగితే రసీదు పట్టుకొని ఫిర్యాదు చేయవచ్చు. వాట్సాప్‌కు పంపిన కాగితం ఆ ఫోన్‌లో ఎన్నాళ్లు ఉంటుందో, ఎవరు చూస్తారో మీ చేతిలో ఉండదు. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, ప్రింటు కాగానే వారి కంప్యూటర్‌లోని నకలును, రీసైకిల్ బిన్‌తో సహా, మీ ఎదుటే తీసేయించండి. ఆధార్ నంబరు పూర్తిగా అవసరం లేని చోట, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను, ఆధార్ జారీచేసే సంస్థ యుఐడిఎఐ వెబ్‌సైట్ నుంచి దించుకొని వాడండి.