పద్దెనిమిది నిండాక పిల్ల ఎక్కడుంటుంది?

ప్రశ్న: మా అక్క కూతురు ఏడేళ్లుగా బాలసదనంలో ఉంటోంది. ఇప్పుడు సీనియర్ ఇంటర్, బైపీసీ. మే నెలలో 18 నిండుతాయి. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించి లేడీస్ హాస్టల్లో పెట్టాలా, జీఎన్‌ఎం నర్సింగ్ మేలా? లేకపోతే సంబంధం చూసేయమంటారా?

జవాబు: అమ్మా, అడిగింది కోర్సు గురించే అయినా మీ దిగులంతా సదనం గేటు దాటాక పిల్ల ఏమైపోతుందోననే. ముందు ఆ దిగులు తగ్గించుకోండి. 2015 బాల న్యాయ చట్టంలోని 46వ సెక్షన్ ఇలాంటి పిల్లల కోసమే ఉంది. సదనం వదిలాక ఇచ్చే ఈ సాయాన్ని ఆఫ్టర్‌కేర్ అంటారు. 21 ఏళ్లు నిండేదాకా వర్తిస్తుంది, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా పొడిగిస్తారు. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే ఇల్లు, చదువుకు స్టైపెండ్, కౌన్సెలర్ తోడు నిబంధనల్లోనే ఉన్నాయి. పిల్లల సంరక్షణకు ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది.

కానీ వెంటపడి అడగాలి. సదనం వదలడానికి రెండు నెలల ముందే ఆ తర్వాత ఎక్కడుంటుంది, ఏం చదువుతుంది అనే ఆమె ప్లాన్ బాలల సంక్షేమ సమితికి చేరాలి. మీకది మార్చి, సరిగ్గా పరీక్షల హడావుడి. ఫిబ్రవరిలోనే జిల్లా బాలల పరిరక్షణ అధికారిని కలవండి. డబ్బు పడేది పిల్ల ఖాతాలో. మైనర్ ఖాతాకు 18 నిండగానే కేవైసీ మళ్లీ చేయించాలి, లేకపోతే లావాదేవీలు ఆగిపోతాయి. ఆధార్‌కు ఎవరి ఫోన్ నంబరు ఉందో కూడా చూడండి. సదనం సిబ్బంది నంబరుంటే ఓటీపీ వాళ్లకే వెళ్తుంది.

సాఫ్ట్‌వేర్ కోర్సు మీద నాకు నమ్మకం లేదు. నాలుగు నెలల్లో కోర్సు అయిపోతుంది, హాస్టల్ అద్దె ఆగదు. ఉద్యోగం వచ్చేదాకా ఇంటి నుంచి డబ్బు అందే పిల్లలకే ఆ దారి. పైగా డిగ్రీ లేని బైపీసీ పిల్లను ఏ కంపెనీ తీసుకుంటుందో ఆ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లను కాగితం మీద రాసిమ్మనండి, వాళ్ల ‘గ్యారంటీ ప్లేస్‌మెంట్’ సంగతి అక్కడే తేలుతుంది.

పెళ్లి మాట మాత్రం ఇంకెప్పుడూ ఎత్తకండి. అక్క కూతురంటే వరసకు మీకూ కూతురే. మీ కడుపున పుట్టిన పిల్లకైతే ఇంటర్ కాగానే సంబంధం చూస్తారా? బాధ్యత దించుకోవడానికి చేసే పెళ్లి, వెనక పుట్టిల్లు లేని పిల్లకు మరీ ప్రమాదం.

జీఎన్‌ఎం మేలు. మూడేళ్ల చదువు, నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ అయ్యాక చేతిలో పని. 18 నిండాకే చేరుతుంది కనుక కోర్సు పూర్తయ్యేసరికి ఎలాగూ 21 దాటుతుంది కాబట్టి పొడిగింపు అవసరమవుతుందని ఇప్పుడే ప్లాన్‌లో రాయించండి.

ఇక ఇంటి పని. గంట కొడితే అన్నం పెట్టేచోట పెరిగిన పిల్ల. సిలిండర్‌కు రెగ్యులేటర్ బిగించడం, ఒక్క మనిషికి ఎన్ని బియ్యం పోయాలో, 4,000 నెలాఖరుదాకా ఎలా సర్దాలో ఆమెకు ఎవరూ చూపించి ఉండరు. సమితి అనుమతి తీసుకుని వేసవిలో పది రోజులు మీ ఇంటికి తెచ్చుకుని మీ పక్కనే నిలబెట్టి నేర్పండి. కాలేజీలో చేర్చేముందు ఇంకొకటి తేల్చుకోండి: దసరాకు, సంక్రాంతికి హాస్టల్ మూసేస్తే ఆమె ఏ ఇంటికి రావాలి? మీ ఇంటికే అయితే, ఆ మాట ఆమెతో ఇప్పుడే చెప్పండి.