హైడ్రోమీటరులో అంకె తగ్గితే డీజిల్ కల్తీ అయినట్టేనా?

ప్రశ్న: చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలు తోలే బండ్లు మాకు రెండున్నాయి. ఒకటి 2018 నాటి బీఎస్-4 (పొగ కాలుష్యానికి హద్దు పెట్టే భారత్ స్టేజ్ ప్రమాణాల్లో నాలుగోది), రెండోది 2022లో కొన్న బీఎస్-6. ఈమధ్య సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ఒకటి కొని, ఎప్పుడూ కొట్టించే బంకు డీజిల్‌ను ఎండవేళ మా షెడ్డులో కొలిస్తే 816 వచ్చింది, బిల్లు మీద మాత్రం 830 అని ఉంది. రంగు కూడా వెనకటికంటే పలచగా ఉంది. కిరోసిన్ కలుపుతున్నారని మా అనుమానం. డ్రమ్ముల్లో బయోడీజిల్ తెచ్చి లీటరుకు పది రూపాయలు తక్కువకు ఇస్తామని ఒకరు తిరుగుతున్నారు, తీసుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: మీరు రాసిన అంకెలు బంకువారి పక్షానే ఉన్నాయి. బిల్లు మీద ముద్రించే సాంద్రత 15 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనపు మీటరుకు ఇన్ని కిలోలు అని లెక్కగట్టినది. వేడికి డీజిల్ వ్యాకోచిస్తుంది కాబట్టి, ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఆ అంకె సుమారు 0.7 చొప్పున తగ్గుతుంది. మీరు ఉష్ణోగ్రత రాయలేదు గానీ, మన ఎండలకు షెడ్డులో డీజిల్ 35 డిగ్రీలకు చేరిందనుకుంటే, 20 డిగ్రీల తేడాకు 14 పోయి 830 కాస్తా 816 దగ్గరే నిలుస్తుంది. హైడ్రోమీటరుతోపాటు థర్మామీటరు కూడా కొనవలసింది. బంకులో 500 మిల్లీలీటర్ల జాడీ, రెండు పరికరాలు, 15 డిగ్రీలకు మార్చుకునే పట్టిక ఉంటాయి. అడిగితే మీ ఎదుటే కొలిచి చూపాలి. ట్యాంకరు చలానాలో ఉన్న సాంద్రతకూ దీనికీ 3కు మించి తేడా వస్తే అప్పుడు గట్టిగా నిలదీయండి. సాంద్రత సరిపోయినంత మాత్రాన కల్తీ లేదని తేల్చలేమన్నది కూడా నిజమే. తేలిక నూనెతోపాటు బరువైన నూనెను కలిపి అంకెను సరిచేసే ఘనులుంటారు, వారిని ప్రయోగశాలే పట్టుకోవాలి.

రంగు గురించి భయపడకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బంకుల్లో అమ్మేది బీఎస్-6 డీజిలే. దానిలో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. బీఎస్-4లో ఈ పరిమితి 50, బీఎస్-3లో 350 ఉండేది. గంధకాన్ని తొలగించే క్రమంలో రంగు కూడా తేలికపడుతుంది. మీ 2018 బండికి దీనివల్ల నష్టమేమీ లేదు. అయితే ఆ శుద్ధిలోనే డీజిల్‌కు సహజంగా ఉన్న జిడ్డుగుణం తగ్గుతుంది కాబట్టి, దాన్ని పూరించే రసాయనాన్ని తర్వాత కలుపుతారు. కిరోసిన్ పడితే ఆ జిడ్డు మళ్లీ పలచబడి, డీజిల్‌తోనే కందెన తీసుకునే పంపు, ఇంజెక్టర్లు అరిగిపోతాయి. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే కామన్ రైల్ బండిలో ఆ ఒత్తిడి 1,600 బార్ దాటుతుందని గుర్తుంచుకుంటే, దానికి ఎంత సన్నని జిడ్డుపొర ఆధారమో మీకే అర్థమవుతుంది.

ఇక డ్రమ్ముల సంగతి. అసలైన బయోడీజిల్ నూనెల నుంచి, కొవ్వుల నుంచి తయారవుతుంది. దానికి ఐఎస్ 15607 అనే ప్రమాణం ఉంది, సాంద్రత 860 నుంచి 900 మధ్య ఉంటుంది. మీ హైడ్రోమీటరుకు నిజంగా పని చెప్పవలసింది ఇక్కడే: 15 డిగ్రీలకు మార్చి చూసినా ఆ సరుకు 860కి బాగా దిగువన ఉంటే, అది బయోడీజిల్ పేరు పెట్టుకున్న ఏదో ద్రావకమన్నమాట. దానిలో గంధకం ఎంతుందో అమ్మేవాడికే తెలియదు. గంధకం ఎక్కువుంటే అది మీ బీఎస్-6 బండి పొగగొట్టంలో పొగను శుద్ధిచేసే ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. ఒకవేళ అసలైన బయోడీజిలే అయినా, మన డీజిల్ ప్రమాణం దాన్ని 7 శాతం వరకే కలపనిస్తుంది, బండి తయారీదారు ఒప్పుకోకుండా దాన్నే నూటికి నూరు పాళ్లు పోస్తే వారంటీ అడిగే నోరు మీకుండదు. బిల్లు ఇవ్వనివాడి దగ్గర పది రూపాయలు మిగుల్చుకోవడం నా దృష్టిలో బేరమే కాదు.

ప్రశ్న: రొయ్యలు తోలే వ్యాను వానాకాలంలో కుదుపుతూ ఆగిపోతోంది. ఫిల్టరులో నీళ్లున్నాయని మెకానిక్ అన్నాడు. బంకువాళ్లే కలిపారా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: కలిపి ఉండవచ్చు, కలపకపోయినా నీరు చేరవచ్చు. సముద్రతీరాన తేమగాలి ఎక్కువ. రాత్రంతా సగం ఖాళీగా నిలబెట్టిన ట్యాంకు గోడలకు ఆ తేమ చెమటలా పట్టి, బరువైనది కాబట్టి అడుగుకు దిగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రోజు చివర ట్యాంకు నింపి పెట్టండి, వాటర్ సెపరేటర్ అడుగున ఉన్న మరను వారానికొకసారి వదులుచేసి నీరు తీయించండి. అయినా నీరు పడుతుంటే బంకుకు వెళ్లి, కొలకర్రకు నీటిని చూపే పేస్టు పూసి భూగర్భ ట్యాంకులో దించి చూపమనండి. నీరుంటే పేస్టు రంగు మారుతుంది. ట్యాంకరు సరుకు దింపుతున్న సమయంలో మాత్రం డీజిల్ కొట్టించకండి, అడుగున పేరుకున్నదంతా అప్పుడే పైకి లేస్తుంది.

ప్రశ్న: ప్రీమియం డీజిల్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం దండగా?
– ఒక లారీ డ్రైవరు, గూడూరు

జవాబు: చాలా లారీలకు దండగే. మామూలు డీజిల్‌కు కూడా సీటేన్ సంఖ్య (ఇంజనులో ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే అంకె) కనీసం 51 ఉండాలని నిబంధన ఉంది. ప్రీమియంలో అదనంగా ఉండేవి ప్రధానంగా నాజిళ్లను శుభ్రంగా ఉంచే రసాయనాలు. ఆ తేడా డబ్బుతో ఫిల్టరును గడువుకు ముందే మార్పించుకోండి.