రిలేషనల్ లాజిక్ కొత్తగా ఏం ఇస్తుంది?

"ట్రూత్ టేబుల్స్ దాకా బాగానే ఉంది, రిలేషనల్ లాజిక్ మొదలయ్యాక ఏమీ బుర్రకెక్కట్లేదు, అసలు దీనితో కొత్తగా వచ్చేదేంటి" అని కదా అడిగారు. ఎంసీఏలో నేనూ సరిగ్గా అక్కడే బోల్తా పడ్డాను, ఇంటర్నల్స్‌లో 20కి 6.

మీరు ట్రూత్ టేబుల్స్ (వాక్యాల నిజం-అబద్ధాల కలయికలన్నీ వేసి చూసే పట్టికలు) వేసిన ప్రపోజిషనల్ లాజిక్‌కి వాక్యమంటే మూత తీయని డబ్బా. నిజమా అబద్ధమా, అంతే. "రవి సీత కంటే పొడుగు" ఒక డబ్బా, "సీత గీత కంటే పొడుగు" ఇంకోటి, "రవి గీత కంటే పొడుగు" మూడోది. మొదటి రెండూ నిజమైతే మూడోదీ నిజమేనని చిన్నపిల్లలు కూడా చెప్తారు, ట్రూత్ టేబుల్ మాత్రం చెప్పలేదు, ఎందుకంటే రెండు డబ్బాల్లోనూ ఉన్నది అదే సీత అని దానికి తెలీదు. పోనీ ఆ ముగ్గురికీ ఒక నియమం రాసిపెడదామంటే, క్లాసులో 30 మంది ఉన్నారనుకోండి, 24,360 నియమాలు రాయాలి (30×29×28, కావాలంటే వేసి చూడండి). రిలేషనల్ లాజిక్ మూత తీస్తుంది: లోపల మనుషులు, వాళ్ళ మధ్య "కంటే పొడుగు" అనే సంబంధం, పైన "ప్రతి ఒక్కరూ", "ఎవరో ఒకరు" అనే క్వాంటిఫయర్లు. ఆ వేల నియమాలూ ఒక్క లైనులో అయిపోతాయి. అండ్, ఆర్, నాట్ మీరు నేర్చుకున్నవే, ఏమీ మారలేదు. అన్నట్టు, 1860లోనే సంబంధాల లాజిక్ మీద రాసిన బ్రిటిష్ గణితవేత్త డి మోర్గాన్ (మీరు చదివిన డి మోర్గాన్ రూల్స్ ఆయనవే) పుట్టింది మన మదురైలో.

నా మార్కులు పోయింది మాత్రం క్వాంటిఫయర్ల వరస దగ్గర. మా హాస్టల్లో ప్రతి గదికీ దాన్ని తెరిచే తాళంచెవి ఒకటి ఉండేది. వార్డెన్ దగ్గర ఉన్నది వేరే, అన్ని గదులకూ పట్టే ఒకే తాళంచెవి. మొదటిది "ప్రతి గదికీ, ఏదో ఒక తాళంచెవి", రెండోది "ఏదో ఒక తాళంచెవి, ప్రతి గదికీ". రెండోది నిజమైతే మొదటిది దానంతటదే నిజం, తిరగేస్తే కాదు. నేను పరీక్షలో తిరగేసి రాశాను, అంటే హాస్టల్లో ప్రతివాడి జేబులోనూ వార్డెన్ తాళంచెవి పెట్టేశాను! తెలుగులో "అన్ని గదులకీ ఒక తాళంచెవి ఉంది" అంటే రెండర్థాలూ వస్తాయి కాబట్టి ముందు ఏది కావాలో తేల్చుకుని, తర్వాతే గుర్తులు రాయండి.

ఇంకోటి, ఇక్కడ ట్రూత్ టేబుల్ లాంటి షార్ట్‌కట్ కోసం వెతక్కండి. ఏ వాక్యమిచ్చినా అది ఎప్పుడూ నిజమేనా కాదా అని తేల్చిచెప్పే యాంత్రిక పద్ధతి ఉండదని 1936లోనే చర్చ్, ట్యూరింగ్ అనే ఇద్దరు గణితవేత్తలు ఎవరికి వారు నిరూపించేశారు.