సరుకు పంపిణీ ప్రక్రియకు ఏ డయాగ్రమ్ ఎక్కడ గీయాలి?

మీరు అడిగింది ఇది: ఆర్డర్ వచ్చిన దగ్గర్నుంచి సరుకు కస్టమర్‌కు అందేదాకా జరిగే పనినంతా సిస్టమ్ అనాలిసిస్ డయాగ్రమ్‌లలో చూపించాలి. డీఎఫ్‌డీ (సమాచారం ఎటు నుంచి ఎటు పోతుందో చూపేది), ఐడెఫ్ జీరో (ఒక్కో పనికి ఏం కావాలో, ఏం వస్తుందో చూపేది), బీపీఎంఎన్ (ఎవరు ఏ వరుసలో ఏం చేస్తారో చూపేది), యూఎంఎల్ (సాఫ్ట్‌వేర్ డిజైన్‌కు వాడే డయాగ్రమ్‌లు) అన్నీ చదివారు కానీ దేనితో మొదలుపెట్టాలో తేలడం లేదు. ఒక పంపిణీ సంస్థలో నేను ఇదే పని చేశాను. అక్కడ ఎదురైనవే చెబుతాను.

డయాగ్రమ్ సంగతి తర్వాత. ముందు ఒక్క ఆర్డర్ పట్టుకుని దాని వెంట చివరిదాకా నడవండి. నేను మొదట మేనేజర్లను అడిగి గీశాను. తొమ్మిది పెట్టెలు, ఒకదాని తర్వాత ఒకటి, ఎక్కడా చిక్కు లేదు. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే వెళ్లి డిస్పాచ్ దగ్గర నిలబడ్డాను. గోదాములోంచి తీయాల్సిన సరుకు జాబితాలో, అంటే పికింగ్ లిస్టులో, 24 పెట్టెలని ఉంది. గోదాములో 22 మాత్రమే దొరికాయి. లోడింగ్ చూసే ఆయన 24ను కొట్టేసి, పక్కన పెన్సిల్‌తో 22 అని రాసి, చుట్టూ సున్నా చుట్టి, ఆ కాగితాన్ని స్టోర్స్ ఫైల్లో పెట్టేశాడు. డెలివరీ చలానా మాత్రం ఆర్డర్ నుంచి నేరుగా ప్రింటవుతుంది కాబట్టి దాని మీద 24 అనే వచ్చింది. బిల్లూ అంతే.

ఆ పెన్సిల్ 22ను పట్టించింది డీఎఫ్‌డీ. ఫ్లోచార్టులో అది కనబడదు, ఎందుకంటే పనుల వరుస సరిగ్గానే ఉంది. డీఎఫ్‌డీలో స్టోర్స్ ఫైలును డేటా స్టోర్‌గా (సమాచారం దాచే చోటుగా) గీసేసరికి దానిలోకి ఒక బాణం వెళ్తోంది, బయటికి ఒక్కటీ రావడం లేదు. రాసేవాళ్లున్నారు, చదివేవాళ్లు లేరు. అప్పటిదాకా తక్కువ పడిన ప్రతి పెట్టెకూ అనుమానం డ్రైవర్ల మీదికే పోయేది. సంజాయిషీ రాసిచ్చిన డ్రైవర్లు కూడా ఉన్నారు. ఒక బాణం లేకపోవడం వల్ల మనుషులు మాట పడ్డారన్నది నన్ను చాలా రోజులు వదల్లేదు.

కాబట్టి డీఎఫ్‌డీతోనే మొదలుపెట్టమంటాను. ముందు కాంటెక్స్ట్ డయాగ్రమ్: మధ్యలో మీ వ్యవస్థ ఒక్కటే, చుట్టూ కస్టమర్, సప్లయర్, ట్రాన్స్‌పోర్టర్. తర్వాత దాన్ని లోపలి ముఖ్యమైన పనులుగా విడగొట్టి లెవల్ వన్. పై లెవల్‌లో లోపలికి వచ్చిన, బయటికి పోయిన ప్రవాహాలన్నీ కింది లెవల్‌లోనూ ఉండాలి. డేటా స్టోర్‌కూ బయటి వ్యక్తికీ మధ్య నేరుగా బాణం గీయకూడదు, నడుమ ఒక ప్రాసెస్ (ఆ సమాచారంతో చేసే పని) ఉండి తీరాలి. గుర్తులు డిమార్కో పద్ధతిలో వేసినా, గేన్-సార్సన్ పద్ధతిలో వేసినా పరవాలేదు, రెండూ కలపకండి చాలు.

లాజిస్టిక్స్‌లో దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. డీఎఫ్‌డీలో లారీని, పెట్టెల్ని కూడా బాణాలుగా గీసేస్తారు. డీఎఫ్‌డీ చూపేది సమాచారం నడిచే దారి, సరుకు నడిచే దారి కాదు. ఈ రెండు దారులూ విడిపోయే చోటే గొడవలన్నీ పుడతాయి, మా 22, 24 లాగా. సరుకునూ చూపించాలంటే ఐడెఫ్ జీరో వాడండి. పెట్టెకు ఎడమవైపు నుంచి ఇన్‌పుట్, కుడివైపు అవుట్‌పుట్, పైనుంచి నియమాలు, కిందినుంచి ఆ పని చేసే మనుషులు, యంత్రాలు. 1993లో అమెరికా ప్రభుత్వం ప్రమాణంగా ప్రచురించిన పత్రం ప్రకారం ఒకే పెట్టె ఉండే మొదటి పేజీ తప్ప, ఒక్కో పేజీలో మూడు నుంచి ఆరు పెట్టెలే ఉండాలి. ఆ హద్దు పాటించండి, చూసేవాళ్లకు టెన్షన్ ఉండదు.

ఎవరు ఎప్పుడు ఏం చేయాలన్నది తేల్చడానికి బీపీఎంఎన్. పనిలో పాల్గొనే ఒక్కో సంస్థకు గీసే పెద్ద పెట్టెను పూల్ అంటారు: మీ సంస్థ ఒక పూల్, ట్రాన్స్‌పోర్టర్ ఇంకో పూల్. పూల్ దాటి సీక్వెన్స్ ఫ్లో (పనుల వరుస చూపే బాణం) పోకూడదు, మెసేజ్ ఫ్లో (కబురు పంపే బాణం) మాత్రమే పోవాలి. చెప్పిన టైముకు బండి రాకపోతే ఏం చేయాలో టైమర్ ఈవెంట్‌తో (గడువు అయిపోయిందని చూపే గుర్తుతో) గీయండి. ఇది గీసేదాకా ఆ ప్రశ్నకు మా దగ్గర ఎవరికీ జవాబు లేదు.

యూఎంఎల్‌లోని యూజ్ కేస్ డయాగ్రమ్ (వ్యవస్థను ఎవరు దేనికి వాడతారో చూపేది) సాఫ్ట్‌వేర్ రాయించేటప్పుడు చూసుకోవచ్చు.

స్టేట్ డయాగ్రమ్ మాత్రం వదలకండి. ఒక కన్‌సైన్‌మెంట్ (ఒకసారి పంపే సరుకు) తీసుకుని దాని స్థితులు రాయండి: ప్యాక్ అయింది, లోడ్ అయింది, దారిలో ఉంది, అందింది. ఇంతవరకు అందరూ రాస్తారు. సగమే అందితే? కస్టమర్ తీసుకోనంటే? తడిసి వెనక్కొస్తే? మా సాఫ్ట్‌వేర్‌లో 'కొంత అందింది' అనే స్థితే లేదు, అందుకని అందరూ 'అందింది' నొక్కేవారు. ఏ సమాచారం దేనితో ముడిపడి ఉందో చూపే ఈఆర్ డయాగ్రమ్‌లోనూ ఇలాంటిదే ఒకటి వస్తుంది. ఒక ఆర్డర్ రెండు బండ్లలో పోవచ్చు, ఒకే బండిలో పది ఆర్డర్లు పోవచ్చు. అందుకే ఆర్డర్‌ను బండితో నేరుగా కలపకండి. ఏ బండిలో ఏ ఆర్డర్‌లోని ఏ వస్తువు ఎన్ని వెళ్లాయో రాసే ఎంటిటీ (ఒక పట్టిక లాంటిది) మధ్యలో పెట్టండి. ఆ పెన్సిల్ 22కు చివరికి మేం చోటిచ్చింది అక్కడే. చలానా కూడా దాని నుంచే ప్రింటయ్యేలా మార్చాం.

గీసినదాన్ని పని చేసేవాళ్లకు చూపించండి. ఆ లోడింగ్ ఆయనకు లెవల్ వన్ చూపిస్తే ఒక బాణం మీద వేలు పెట్టి, "గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఇంకో కాపీ తీసుకుంటారు సార్, అది ఇందులో లేదు" అన్నాడు. నిజమే, లేదు.

మీ దగ్గర వాపసు వచ్చిన సరుకును ఎవరు దించుకుంటారో, ఎక్కడ రాసుకుంటారో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి మీ లెవల్ వన్ ఎలా విడగొట్టాలో చెబుతాను.