నాణేల మ్యాజిక్ పట్టుకున్న అబ్బాయి బీటెక్ వద్దంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. రోజూ మూడు గంటలు అద్దం ముందు నిలబడి నాణేలు మాయం చేయడం ప్రాక్టీస్ చేస్తున్నాడు. నెల్సన్ డౌన్స్ అనే పాతకాలపు అమెరికన్ మెజీషియన్‌లా అవుతాడట. బీటెక్ వద్దట, వీడియోలు పెట్టుకుని బతుకుతాడట. ఈ చిల్లర చేష్టలు చూడలేక వాళ్ల నాన్నగారు నాణేల డబ్బా బయట పారేశారు. అప్పటి నుంచి వాడు మాతో మాట్లాడటం లేదు. ఇంజనీరింగ్, మ్యాజిక్ రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: అమ్మా, పోల్చి చెబుతాను. కానీ ముందు ఆ ‘మాట్లాడటం లేదు’ అన్న మాట దగ్గర ఆగాలి. డ్యాన్స్, క్రికెట్, గేమింగ్ అని పేరు మారుతుందే గానీ ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. అడుగున ఉండే భయం మాత్రం ఒకటే, పిల్లవాడు చేజారిపోతున్నాడేమోనని. చేజారలేదమ్మా. మార్కులు రావని తెలిసీ, ఎవరూ కూర్చోమనకపోయినా, రోజుకు మూడు గంటలు ఒకే పని మీద నిలబడుతున్నాడు. ఆ ఓపిక పిల్లలకు ఎలా నేర్పాలని నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఎంతోమంది.

మీవాడు ఎంచుకున్న మనిషి సంగతి చెబుతాను, వాడికీ చదివి వినిపించండి. థామస్ నెల్సన్ డౌన్స్ 1867లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పుట్టాడు. గురువు లేడు. చిన్నప్పుడే నాణేలు పట్టుకుని సొంతంగా సాధన చేశాడు. మీవాడు వదిలేసిన ముఖ్యమైన విషయం ఒకటుంది. డౌన్స్ ఏళ్ల తరబడి రైల్వేలో టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా ఉద్యోగం చేశాడు. చెయ్యి పూర్తిగా తిరిగాకే, 1895 ప్రాంతంలో, పూర్తికాలం స్టేజీ ఎక్కాడు. అప్పటికి దాదాపు ఇరవై ఎనిమిదేళ్లు.

అతనికి పేరు తెచ్చింది ‘పిసినారి కల’ అనే అంశం. ఖాళీ చెయ్యి గాలిలో చాపితే వేళ్ల కొసన నాణెం మెరుస్తుంది, టోపీలో వేస్తే ఖణేల్‌మంటుంది. మళ్లీ ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి. ఆ ఐడియా అతనిది కాదు, అంతకు ముందే ఉంది. కానీ నాణేన్ని వేళ్ల వెనక్కి తిప్పి దాచడంలో, అరచేతిలో ఒకేసారి బోలెడు నాణేలు పట్టి ఉంచడంలో అతను చూపిన పనితనం కొత్తది. 1899లో లండన్ ప్యాలెస్ థియేటర్‌లో నెలల తరబడి ఆడాడు. మరుసటేడు తన పద్ధతులన్నీ పుస్తకంగా అచ్చు వేయించాడు. ‘నాణేల రాజు’ అన్న బిరుదు ఊరికే రాలేదు.

ఇప్పుడు నా సందేహం. డౌన్స్ కాలంలో వాడెవిల్ అని ఒక ఏర్పాటు ఉండేది. ఒకే టికెట్ మీద పాట, హాస్యం, కసరత్తు, మ్యాజిక్ వరసగా నడిచేవి. కళాకారుడు ఊరూరూ తిరుగుతాడు. ఊరు మారితే ప్రేక్షకులు మారతారు కాబట్టి పదిహేను నిమిషాల అంశం ఒకటి బాగా కుదిరితే ఏళ్ల తరబడి అన్నం పెట్టేది. అందుకే నెలల కొద్దీ చెక్కి చెక్కి ఒక్కదాన్నే మెరుగుపరిచే తీరిక వాళ్లకు ఉండేది. ఫోన్‌లో అలా కుదరదు. ఏడాది కష్టపడి తయారు చేసింది ముప్పై సెకన్లలో అయిపోతుంది. మర్నాటికి మళ్లీ కొత్తది కావాలి. పైగా తప్పు పోతే మళ్లీ తీయొచ్చు, కోసేయొచ్చు. ఎదురుగా కూర్చున్న మనిషి చూపు ఎటు పోతోందో కనిపెట్టి, దాన్ని పక్కకు లాగడమే ఈ విద్యకు ప్రాణం. కెమెరా ముందు ఒంటరిగా నిలబడితే అది అబ్బదు. వీడియోలు పెట్టొద్దని అనను. వాటినే జీవనాధారం అనుకోవడం నాకు భయంగా ఉంది.

ఆ వాడెవిల్ కూడా నిలవలేదు. సినిమాలు వచ్చాయి. 1932 నాటికి న్యూయార్క్‌లోని పేరుమోసిన ప్యాలెస్ థియేటరే సినిమా హాలయిపోయింది. ఊరూరా సాగే ఆ ప్రదర్శనలనే నమ్ముకున్న ఎందరో వీధిన పడ్డారు, వాళ్ల చేతిలో విద్య తగ్గి కాదు. డౌన్స్ అంతకు చాలా ముందే, 1912 ప్రాంతంలో, స్టేజీ నుంచి తప్పుకుని సొంత రాష్ట్రానికి వచ్చేశాడు. చనిపోయేదాకా, అంటే 1938 దాకా, మ్యాజిక్ తోటి స్నేహం మాత్రం వదల్లేదు.

ఇక మీ ఇద్దరితో ఒక మాట. డబ్బా పారేయడం తప్పమ్మా. గట్టిగానే చెబుతున్నాను. వాడు దొంగతనం చేయలేదు, చదువు మానేయలేదు. రేపు ఉద్యోగంలో విసుగొచ్చిన రోజున వాడికి తోడుండేది ఆ పనితనమే కావచ్చు. దాన్ని ‘చిల్లర చేష్టలు’ అంటే ఇంకో విషయం మీతో చెప్పుకోవడానికి వాడికి నోరెలా వస్తుంది? మీవారు నేరుగా వాడి దగ్గరికి వెళ్లి తప్పయిందని చెప్పాలి. తండ్రి కాబట్టి చెప్పనక్కర్లేదని అనుకోవద్దు.

పోలిక అడిగారు కదా. నెల నెలా జీతం వచ్చే దారి ఇంజనీరింగ్‌ది, మ్యాజిక్‌లో ఆ భరోసా లేదు. ఈ సంగతి వాడికీ తెలుసు. ఏదో ఒకటే తేల్చుకోమని మీరు నిలదీయబట్టి రెండోది పట్టుకున్నాడు. డిగ్రీ ఏదైనా చేయనివ్వండి, బీటెక్కే కానక్కర్లేదు. సైకాలజీ అడిగితే ఉలిక్కిపడకండి. మన బి.వి. పట్టాభిరామ్ గారు ఒక పక్క ఇంద్రజాలం, ఇంకో పక్క సైకాలజీ నడిపిన మనిషే. పరీక్షలు అయ్యేదాకా సాధన రోజుకు అరగంట చాలని వాడితో ఒప్పందం చేసుకోండి. తర్వాత కాలేజీలో, పెళ్లిళ్లలో, అపార్ట్‌మెంట్ వేడుకల్లో మనుషుల ముందు చేయనివ్వండి.

మీ బంధువుల్లో ఎవరైనా అమెరికా నుంచి వస్తుంటే నాలుగు అర డాలర్ నాణేలు తెమ్మనండి. మన పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు, అది 30 దాటుతుంది, దూరం నుంచి కూడా కనబడుతుంది. నాలుగూ కలిపి రెండు డాలర్లు. వాళ్ల నాన్నగారి చేతులతోనే ఇప్పించండి.