టెక్ సందేహాలు: నరం దొరకని చేతికి లైటు వేస్తే...

ఆదోని నుంచి ఒకావిడ: మా అమ్మకు షుగర్. కర్నూలులో ఆస్పత్రిలో చేర్చిన ప్రతిసారీ సెలైన్ పెట్టడానికి నరం దొరక్క నాలుగైదు చోట్ల గుచ్చుతారు. చేతులు కమిలిపోయాయి. ఆన్‌లైన్‌లో నరాన్ని వెతికి చూపే వీన్ ఫైండర్ అని తక్కువ ధరకే కనిపించింది. కొని నర్సుకు ఇవ్వమంటారా?

వద్దమ్మా. మీరు చూసినది బహుశా ఎర్ర ఎల్‌ఈడీలు చర్మానికి ఆనించి పెట్టే రకం. గదిలో లైట్లు తగ్గిస్తే పసిపిల్లల చేతుల్లో, పలచటి చర్మంలో నరాలు నల్లటి గీతల్లా కనబడతాయి. పెద్దవాళ్ల చేతుల్లో, కాస్త లోతుగా ఉన్న నరాలకు అది అంతగా పనికిరాదు.

పెద్ద ఆస్పత్రుల్లో వాడే ప్రొజెక్టర్ రకం వేరు. అది కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని, తరంగదైర్ఘ్యం సుమారు 750 నుంచి 950 నానోమీటర్ల మధ్య ఉన్నదాన్ని, చేతి మీద వేస్తుంది. చర్మం, కొవ్వు ఆ కాంతిని చాలావరకు చెదరగొట్టి వెనక్కి పంపుతాయి. రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సీమీటర్ వేలిలో చేసే పనికి ఇది దగ్గరి చుట్టమే. నరం ఉన్నచోట కెమెరాకు చీకటి గీత దొరుకుతుంది. ఆ బొమ్మనే యంత్రం అప్పటికప్పుడు మళ్లీ చేతి మీద, ఎక్కువగా ఆకుపచ్చ రంగులో, వేసి చూపిస్తుంది. చర్మం రంగును ఇచ్చే మెలనిన్ ఈ కాంతిని పెద్దగా అడ్డుకోదు. అందుకే మన చామనఛాయ చేతులకూ పనిచేస్తుంది.

అయితే ఆ గీత నరం ఎక్కడుందో చెబుతుంది, ఎంత లోతులో ఉందో చెప్పదు. సెంటీమీటరు దాటిన లోతుకు చూపు అందదు. గట్టిపడిన నరమా, మెత్తటిదా అన్నది నర్సు వేలికే తెలుస్తుంది. పిల్లల మీద జరిగిన కొన్ని పరీక్షల్లో, ఈ యంత్రం వాడినా మొదటి పోటుకే నరం దొరికే అవకాశం పెద్దగా పెరగలేదు. అమ్మేవాళ్ల వీడియోల్లో ఈ మాట వినబడదు లెండి.

మీ చేతిలో ఉన్నవి చెబుతాను. మన ఎండల్లో ఒంట్లో నీళ్లు తగ్గితే నరాలు అణిగిపోతాయి. డాక్టరు నీళ్లు తగ్గించమని చెప్పకపోతే ముందు నుంచే తాగించండి. గోరువెచ్చటి గుడ్డ కాసేపు చుట్టి, చెయ్యి కిందికి వేలాడదీయండి. షుగర్ వల్ల స్పర్శ తగ్గి ఉండొచ్చు కాబట్టి వేడి మీరే చూసుకోండి. రెండు పోట్లు తప్పితే ఇంకొకరిని పిలవమని అడగండి, తప్పేం లేదు. కిడ్నీ సమస్య మొదలైందని డాక్టరు చెప్పి ఉంటే, ఏ చేతికి గుచ్చొచ్చో ముందే అడిగి పెట్టుకోండి. రేపు డయాలసిస్‌కు ఆ నరాలే దిక్కు.

కర్నూలు నుంచి, ఇళ్లకు వెళ్లి రక్త నమూనాలు తీసే ఒకాయన: ప్రొజెక్టర్ రకం కొనాలా, చేతిలో పట్టే అల్ట్రాసౌండ్ కొనాలా?

లోతు నరాలకు అల్ట్రాసౌండే మేలు, సందేహం లేదు. కానీ అది మీకు కొనడం కుదరదు. 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం రిజిస్టర్ కాని వాళ్లకు ఆ యంత్రం అమ్మకూడదు. నేను నరం కోసమే వాడతానంటే కుదరదు.

ప్రొజెక్టర్ రకం పేరున్న కంపెనీలది లక్షల్లో ఉంటుంది. డెమో అడగండి. కంటికి బాగా కనబడే నరం మీద లైటు వేసి, యంత్రాన్ని కాస్త పైకీ కిందికీ, పక్కకీ జరపండి. పడిన గీత అసలు నరం మీదే నిలవాలి. పక్కకు జరిగిందా, మర్యాదగా తిప్పి పంపండి. లావుపాటి చేతి మీద కూడా వేయించండి. సేల్స్ వాళ్లు ఎప్పుడూ సన్నటి చేతులనే ఎంచుకుంటారు.

కడప నుంచి: ఫోన్ యాప్‌తో నరాలు కనబడతాయా?

ఫోన్ వెనక కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ ఉంటుంది. యాప్ మామూలు ఫొటోలో రంగులు ముదురు చేసి చూపిస్తుంది, అంతే. సరదాకి సరే, సూదికి కాదు.

అనంతపురం బీటెక్ విద్యార్థి: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా వీన్ ఫైండర్ చేయొచ్చా?

భేషుగ్గా. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ లేని నోఐఆర్ కెమెరా, 850 నానోమీటర్ల ఎల్‌ఈడీలు చాలు. మామూలు వెలుతురు లోపలికి రాకుండా లెన్స్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రమే పంపే ఫిల్టర్ పెట్టండి. సగం పని అదే చేస్తుంది. మిగతాది బొమ్మల మీద పనిచేసే ఓపెన్‌సీవీ సాఫ్ట్‌వేర్‌లో కాంట్రాస్ట్, అంటే వెలుగు చీకట్ల తేడా, పెంచడం. బొమ్మ మొత్తానికి ఒకేసారి కాకుండా ముక్కలుముక్కలుగా పెంచే పద్ధతి వాడండి. ప్రొజెక్టర్ జోలికి పోకుండా ల్యాప్‌టాప్ తెర మీదే చూపించండి, ప్రొజెక్టర్ గీతలు అసలు నరాల మీద సరిగ్గా పడేలా చేయడంలోనే సెమిస్టర్ గడిచిపోతుంది. ఆ ఎల్‌ఈడీల వైపు దగ్గరి నుంచి తేరిపార చూడొద్దు: కాంతి దాదాపు కనబడదు కాబట్టి రెప్ప దానంతటది పడదు.