రిటైర్మెంట్ డబ్బుతో లండన్ వేలంలో పాత డ్రాయింగ్ కొనొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. డ్రాయింగ్ టీచర్‌గా చేసి 61 ఏళ్లకు రిటైరయ్యాను. పెన్షన్ వస్తుంది. చేతికొచ్చిన 28 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. యూరప్ పాత చిత్రకారుల డ్రాయింగుల గురించి పదిహేనేళ్లుగా చదువుకుంటున్నాను. లండన్ వేలంలో 17వ శతాబ్దపు ఇటలీ డ్రాయింగ్ ఒకటి వస్తోంది. అంచనా ధర మన డబ్బుల్లో 2.4 లక్షలు. పెట్టుబడిగా కొంటానంటే మా అబ్బాయి ఒప్పుకోవట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: కొనుక్కోండి సార్. కానీ పెట్టుబడి అన్న మాట వదిలేయండి. ఆ విషయంలో మీ అబ్బాయిదే కరెక్ట్.

వేలంపాట ధర మీద కొన్నవాళ్లు కట్టే కమీషన్ చాలా చోట్ల పావు వంతుకు తగ్గదు. 2.4 లక్షలకు పాట ఆగినా 3 లక్షలు అక్కడే అవుతాయి. పార్సిల్, ఇన్సూరెన్స్, కస్టమ్స్, జీఎస్టీ కలిపితే ఇంటికి చేరేసరికి మూడున్నర లక్షలు అనుకోండి. మళ్లీ అమ్మడం ఇంకా కష్టం. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాన్ని మనలాంటివాళ్లు దేశం దాటించకూడదు. ఇక్కడేమో కొనేవాళ్లు చాలా తక్కువ. లాభానికి అమ్మితే పన్ను కూడా ఉంటుంది, రెండేళ్లు దాటాక 12.5 శాతం.

అందుకే 20 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయండి, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. 4 లక్షలు ఆస్పత్రి ఖర్చులకని విడిగా ఉంచండి. మిగతా 4 లక్షలు తిరిగి రాకపోయినా మీ ఇల్లు గడుస్తుంది. ఏళ్ల తరబడి పిల్లల చేత బొమ్మలు గీయించిన మీకు ఆ మాత్రం హక్కుంది.

పాట పాడే ముందు, కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి తీసిన ఫొటో పంపమని వేలం వాళ్లను అడగండి. ఆ కాలంలో కాగితాన్ని తీగల చట్రం మీద తీసేవారు. అందుకే దగ్గర దగ్గరగా సన్నటి గీతలు, వాటికి అడ్డంగా ఎడం ఎడంగా ఇంకొన్ని గీతలు కనిపించాలి. గీతల్లేకుండా ఒకేలా ఉంటే అది 1750ల తర్వాతి కాగితం, బొమ్మ 17వ శతాబ్దానిది కాదు. సిరా గీత వెంట కాగితం పగిలిందేమో చూడండి. ఇనుము కలిసిన పాత సిరా కాగితాన్ని తినేస్తుంది. మూలన చిన్న ముద్ర ఉంటే అది పాత యజమానిది కావచ్చు. అలాంటి ముద్రలెన్నో సేకరించి డచ్ కళా సేకర్త ఫ్రిట్స్ లుగ్ట్ 1921లో పుస్తకంగా వేశారు, ఇప్పుడు నెట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. కేటలాగులో పేరు పక్కన ఏముందో కూడా చదవండి. ‘ఫలానా చిత్రకారుడిది’ అనడం వేరు, ‘ఆయన పద్ధతిలో గీసింది’ అనడం వేరు. ధర అక్కడే పడిపోతుంది.

ఇంటికి వచ్చాక మన ఎండకు గోడ మీద పెట్టకండి, వెలుతురుకు సిరా వెలిసిపోతుంది. వేలం బిల్లు, కస్టమ్స్ రసీదు, మీరు వెతికి రాసుకున్న నోట్స్ అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి మీ అబ్బాయికి చూపించండి. రేపు ఆ బొమ్మ ఎవరి చేతికి వెళ్లినా వాళ్లు ముందు అడిగేది ఆ ఫైలే.